కొసరు చుక్క

పాషాణనాథుడి శిలాకూటంలో మొదటి అడుగు వేసినవాడెవడూ రెండో అడుగు వేయలేదని లోకమంతా చెప్పుకుంటుంది. లవణపురి చిన్న రాజకుమారుడు తరంగకేతు మాత్రం నాలుగు వేశాడు. గంధపుచెక్కల వర్తకుడిలా తలపాగా చుట్టి, బుగ్గకు దొంగ పులిపిరి అంటించుకుని, వాకిట కావలి ఉన్న భేతాళుల కళ్లు కప్పి, మొసళ్ల కందకం ఈది, నిప్పుల గడప దూకి లోపల పడ్డాడు. అంతా బాగానే ఉంది కానీ గడప అవతల పరిచి ఉన్న బూడిదముగ్గును చూసుకోలేదు. ఏనుగంతా దూరి తోక చిక్కినట్టయింది. ఐదో అడుగు వేద్దామంటే పాదం లేవలేదు. వంగి చూసుకుంటే చీలమండల దాకా నల్లరాయి.

ఆ మండపం శోభను ఏమని చెప్పేది! గోమేధికపు స్తంభాలు, వైడూర్యపు తోరణాలు, నేలంతా చంద్రకాంత శిలలు. పడమటి గవాక్షం నుంచి వాలుటెండ దూరి ఒక్కొక్క రాతిమీదా ఒక్కొక్క రంగు చల్లుతోంది. ఆ రంగుల నడుమ మనుషులు బారులు తీరి నిలబడి ఉన్నారు. కత్తి ఎత్తిన సామంతుడు, వీణ మీటబోయిన గాయని, పారిపోతూ వెనక్కి తిరిగి చూసిన సన్యాసి. అందరూ రాళ్లే. ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉంది, మీటబోయిన వేలు తీగకు గోరంత దూరంలో ఆగిపోయింది.

తరంగకేతుకు ఎదురుగా, చెయ్యి చాస్తే అందేటంత దగ్గరలో, భుజాన విల్లుతో అతని అన్న ప్రవాళుడు నిలబడి ఉన్నాడు. వేటకని వెళ్లి తిరిగి రాని అన్న. ఆ అన్న కోసం తరంగకేతు తొక్కని అడవి లేదు, దాటని ఏరు లేదు. ఏడాది నిండిన శిలకు ఇక ఏ మందూ పనిచేయదని దారిలో ఒక యక్షిణి చెప్పింది. ఇవాళ పొద్దు గుంకితే ఏడాది నిండుతుంది. తీరా అన్న ముందుకు వచ్చి, తమ్ముడు కూడా రాయి అవుతున్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే కదా!

అంతలో స్తంభం చాటు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. చంకన నీళ్లకుండ, చేతిలో తడిగుడ్డ. రాతి మనుషుల మొహాల మీది దుమ్ము తుడవడం ఆమె పని. తరంగకేతును చూసి అదిరిపడలేదు, అరవనూ లేదు. ఇంకొకడు వచ్చాడన్నట్టు ఒక నిట్టూర్పు విడిచి, కుండ దించి, అతని మొహం కూడా ఒకసారి తుడిచింది. ఆ తుడుపుకు దొంగ పులిపిరి ఊడి కింద పడింది.

ఆమె పేరు సింగసాని. పాలగుట్ట సీమ మనిషి. తరతరాలుగా పాషాణనాథుడి మందు కొలిచేది ఆ సీమవాళ్లేనట. మాంత్రికుడు ఏటి అవతల హోమానికి వెళ్లాడనీ, దీపాలవేళకు అదుగో ఆ ఎదుటి పెరటివాకిలి గుండా వస్తాడనీ చెప్పింది. రాయి ఎలా పాకుతుందో కూడా దాపరికం లేకుండా చెప్పింది. కాళ్లు, నడుము, గుండె, గొంతు, ఆ వరసలో ఎక్కుతుంది. కొత్తగా రాయైనవాడికి కొంతసేపు చూపూ వినికిడీ ఉంటాయి, పాతబడ్డాక అవీ పోతాయి. తన మొగుడు కాటమయ్య రాయైన నాడు సాయంత్రం దాకా కళ్లవెంట నీళ్లు కారాయని చెప్పి చెంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆ మందు ఇక్కడ ఉందా లేదా అని తరంగకేతు అడిగాడు. ఉంది. వేదిక మీద కొమ్ముచెంబులో ఉన్న రసమే మందు. రక్తం పారే ఒంటిమీద పడితే విషం, పూర్తిగా రాయైన ఒంటిమీద పడితే ప్రాణం. కనుక తరంగకేతుకు ఇప్పుడు పోయడానికి లేదు. అన్నకు పోయవచ్చు. మనిషి బరువును బట్టి నడినెత్తిన చుక్కలు వేయాలి. చాలకపోతే లేవడు.

"సరిపోతే లేస్తాడు నాయనా. లేచి నాలుగు మాటలాడతాడు. తర్వాత ఇసుకై రాలిపోతాడు. ఈ రసం గుణమే అంత," అంది సింగసాని. "ఆ నాలుగు మాటలు చాలంటే చెప్పు, పోస్తాను. పాపం, అన్నదమ్ములు."

నాలుగు మాటల కోసమా ఇంత దూరం వచ్చింది? తరంగకేతుకు గుండె జారిపోయింది. ఆ గుండె కిందికి చూస్తే మోకాళ్లు అప్పటికే రాళ్లయి ఉన్నాయి. అయినా ఎవరికెన్ని చుక్కలో ఎలా తెలుస్తుందని అడిగాడు. ఆమె గవాక్షం పక్క గోడ చూపించింది. పోసిన ప్రతిసారీ పోసినవాళ్లు ఉలితో చెక్కిపెట్టిన లెక్క అక్కడుంది. ఒక పక్క బరువు వీశెల్లో, ఇంకో పక్క చుక్కలు.

పిల్లికి రెండు వీశెలు, నాలుగు చుక్కలు. మేకకు పన్నెండు వీశెలు, పందొమ్మిది చుక్కలు. దూడకు ముప్పై వీశెలు, నలభై ఆరు చుక్కలు. అన్నిటికన్నా కింద, అరిగిపోయేలా చేత్తో తడిమిన గుర్తులతో, కాటమయ్యకు నలభై వీశెలు, అరవయ్యొక్క చుక్కలు.

అన్న బరువు తరంగకేతుకు తెలుసు. లవణపురిలో ఏటా రాజకుమారులను ఉప్పుతో తూచి ఆ ఉప్పును బెస్తవాడలకు పంచుతారు. అన్న నలభై నాలుగు వీశెలు. తాను నలభై. ఏ ఏడూ ఒక ఉప్పుకల్లు అటూ ఇటూ అయింది లేదు, అందుకే తల్లి అతనికి రెండుసార్లు నెయ్యి వడ్డించేది. నలభై నాలుగు వీశెలు మాత్రం గోడమీద లేదు. లేకపోతే ఏం? ఆ ఊళ్లో పిల్లలకు ఓనమాల కంటే ముందు ఉప్పు కొలత నేర్పుతారు. బుట్ట రెండింతలైతే కొలత రెండింతలు, బుట్ట సగమైతే కొలత సగం, బుట్ట ఖాళీ అయితే కొలతా ఖాళీ. ఒక్క వీశెకు ఎన్నో తేలితే ఎన్ని వీశెలకైనా తేలినట్టే.

రెండు వీశెల పిల్లికి నాలుగు చుక్కలు. అంటే వీశెకు రెండు. అన్నకు ఎనభై ఎనిమిది. అంతే కదా అనుకుని ఆ మాట అనేశాడు. సింగసాని పీట వేసుకుని ఎక్కింది, చెంబు వంచింది.

కొమ్ము చివర చుక్క తయారవుతోంది. అప్పుడు తరంగకేతు కళ్లు రెండో వరస మీద పడ్డాయి. వీశెకు రెండైతే పన్నెండు వీశెల మేకకు ఇరవై నాలుగు పడాలి. గోడమీద పందొమ్మిదే ఉంది.

"ఆగవ్వా," అన్నాడు. ఆమె చెంబు నిలబెట్టింది. చుక్క వెనక్కి జారింది.

మేకకు వీశెకు ఒకటిన్నర మీద కాస్త. దూడకూ ఒకటిన్నర మీదే, కానీ మేకకన్నా కాస్త తక్కువ. పిల్లికి చూస్తే నిండా రెండు. ఒక్కొక్క వరసా ఒక్కొక్క మాట చెబుతోంది. ఒకే రసం, ఒకే రాయి, ఇన్ని రకాల కొలతలేమిటి? నడుము బిగుసుకుంది. మొలలో ఉన్న బాకు కూడా రాయైపోయి బరువుగా వేలాడింది. గవాక్షంలో ఎండ పసుపు వదిలి ఎరుపు పట్టింది. తరంగకేతుకు ఏడుపొచ్చింది. పులిని ఎదిరించమంటే ఎదిరించేవాడు, భేతాళుణ్ణి కట్టమంటే కట్టేవాడు. నాలుగు వరసల అంకెలు అతన్ని నిలబెట్టి చంపుతున్నాయి.

ఒక్కొక్క వరసను విడిగా అడిగితే లాభం లేదని, ఒక వరస నుంచి ఇంకో వరసకు ఎంత పెరిగిందో చూశాడు. పిల్లి నుంచి మేకకు పది వీశెలు పెరిగితే పదిహేను చుక్కలు పెరిగాయి. మేక నుంచి దూడకు పద్దెనిమిది వీశెలకు ఇరవై ఏడు చుక్కలు. దూడ నుంచి కాటమయ్యకు పది వీశెలకు మళ్లీ పదిహేను. పెరుగుదల ఎక్కడ చూసినా వీశెకు ఒకటిన్నరే. మరి రెండు వీశెల పిల్లికి మూడు చుక్కలు చాలు కదా? నాలుగెందుకు? మేకకు పద్దెనిమిది చాలు, పందొమ్మిదెందుకు? ప్రతి వరసలోనూ పిలవని పేరంటంలా ఒక చుక్క ఎక్కువ కూర్చుంది.

పక్కటెముకలు బిగిశాయి. ఊపిరి పైపైన ఆడుతోంది.

"అవ్వా, తక్కెడలో ఏమీ లేకపోతే ఎన్ని చుక్కలు పోస్తావు?"

సింగసాని అతని వంక జాలిగా చూసింది. మతి పోతోందనుకుంది కాబోలు.

"ఒకటి. వట్టి చెయ్యి చూపకూడదు కదా."

పాలగుట్ట సీమ ఆచారం అదీ! అక్కడ గింజలు కొలిచినా, నూనె కొలిచినా, ఎడ్లకు కుడితి పోసినా చివర కొసరు పడాల్సిందే. కొసరు వేయని చేతికి పుట్టగతులుండవని వాళ్ల నమ్మకం. కూరలో ఉప్పు వేశానని ఎవరైనా పనిగట్టుకుని చెబుతారా? అలాగే కొసరు వేశానని వాళ్లెవరికీ చెప్పరు. మాంత్రికుడు ఇన్ని చుక్కలని చెబుతూ వచ్చాడు, పాలగుట్టవాళ్లు ఆ చుక్కలు పోసి పైన ఒకటి రాలుస్తూ వచ్చారు, పోసిందాన్నే గోడమీద చెక్కుతూ వచ్చారు. ఎక్కువైన ఆ ఒక్క చుక్కకే లేచిన ప్రాణమల్లా ఇసుకైపోతుంటే రసం గుణమనుకున్నారు. ఆ దుర్మార్గుడికి సంగతి తెలుసు. తెలిసీ నవ్వుకుంటూ ఊరుకున్నాడు.

తరంగకేతుకు గోడమీది ఆఖరి వరస వైపు చూడాలంటే భయమేసింది. కానీ చెప్పకపోతే ఈమె చెయ్యి ఆగదు. చెయ్యి ఆగకపోతే అన్న దక్కడు.

"కాటమయ్యకు ఎన్ని పోయమన్నాడు వాడు?"

"అరవై."

"నువ్వు?"

"అరవయ్యొకటి," అంది సింగసాని. "నా మొగుడికి కొసరు లేకుండా ఎట్లా పోస్తాను నాయనా?"

ఆ తర్వాత చెప్పాల్సింది అతను చెప్పాడు. మెత్తగానే చెప్పాడు. బాధపడకుండా వినగలిగే మాట కాదది. ఒంట్లో కదిలేది గొంతూ తలా మాత్రమే అయినవాడు నడిచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకోలేడు, ఓదార్చలేడు. చూస్తూ నిలబడ్డాడు. సింగసాని పీట దిగి మూల ఉన్న ఒక మట్టికుండ దగ్గరకు వెళ్లి, లోపలికి చెయ్యి పెట్టి, గుప్పెడు ఇసుక తీసి చూసి, మళ్లీ కుండలోనే వదిలింది. నాలుగు మాటల్లో ఒకటి నా పేరే పిలిచాడు అని మాత్రం అంది, ఎవరితో అందో తెలియదు.

ఎండ గవాక్షం అంచుకు జరిగింది. తన నోరు ఏ క్షణానైనా పడిపోతుంది గనక ఆ సూత్రం గోడమీద రాయమని తరంగకేతు బతిమాలాడు. ఆమె దీపం పక్కనున్న బొగ్గు తీసుకుని అతను చెప్పినట్టే చెక్కడం కింద రాసింది. వీశెలు ఎన్నైతే వాటికి ఒకటిన్నర రెట్లు చుక్కలు, పైన ఏమీ లేదు. నలభై నాలుగు, అందులో సగం ఇరవై రెండు, రెండూ కలిపి అరవై ఆరు. అన్నకు అరవై ఆరు. గడ్డం బిగుసుకునేలోగా అతను ఆ మాట మూడుసార్లు చెప్పాడు.

సింగసాని పీట ఎక్కి చెంబు వంచింది. పాలగుట్ట పద్ధతిలో ఒకటికి బదులు లాభం అని మొదలుపెట్టి, రెండు, మూడు అంటూ లెక్కపెట్టింది. చుక్క పడ్డప్పుడల్లా ప్రవాళుడి నెత్తిమీద రాయి సుర్రుమంటోంది. యాభై దాటింది. అరవై దాటింది. అరవై నాలుగు, అరవై ఐదు, అరవై ఆరు.

చెంబు నిలబెట్టాలి. చెయ్యి నిలబెట్టలేదు. బతుకంతా కొసరు వేసిన చెయ్యి, ఆమె తల్లి చెయ్యీ అమ్మమ్మ చెయ్యీ వేసిన కొసరు, ఒక్క మాటకు ఆగుతుందా? కొమ్ము చివర అరవయ్యేడో చుక్క ఉబ్బింది, జారింది. తరంగకేతు అరవబోయాడు. పెదవులు అప్పుడే రాళ్లయ్యాయి.

సింగసాని రెండో చెయ్యి చాపి ఆ చుక్కను అరచేత పట్టుకుంది.

రక్తం పారే చెయ్యి. విషం. అరచేతిలోంచి పొగ లేచింది. ఆమె చెంబును జాగ్రత్తగా పీట మీద పెట్టి, చెయ్యిని గుండెలకు అదుముకుని, స్తంభం మొదట్లో కూలబడి స్పృహ తప్పింది. ఆ చుక్క పోవాల్సిన చోటుకే పోయిందని అనుకుందో ఏమో, మొహంలో కాస్త నెమ్మది కనిపించింది.

ప్రవాళుడి నుదురు రంగు తిరిగింది. రెప్పలాడాయి. భుజాలు, చేతులు, నడుము, పాదాలు, పై నుంచి కిందికి నలుపు జారిపోయి నేలమీద మసిలా రాలింది. ఊపిరి పీల్చాడు. నాలుగు మాటలు కాదు, ఎన్ని మాటలైనా ఆడగలిగిన మనిషిగా నిలబడ్డాడు. ఎదురుగా చూస్తే తమ్ముడు. మెడ దాటి, చెంపలు దాటి, నెత్తి దాకా నల్లరాయి.

తరంగకేతుకు అన్నీ కనబడుతున్నాయి, అన్నీ వినబడుతున్నాయి. అన్న తనను పట్టుకుని కుదపడం, పేరుపెట్టి పిలవడం, ఏడవడం. పలకడానికి మాత్రం నోరు లేదు. ప్రవాళుడు చుట్టూ చూశాడు. సుర్రుమంటున్న తన నెత్తి తడుముకున్నాడు, పీట మీది చెంబు చూశాడు, గోడ చూశాడు. తెలివైనవాడు, చప్పున గ్రహించాడు. పాతబడిన రాయి గనక జరిగిందొక్కటీ విని ఉండలేదు, అదే వచ్చిన చిక్కు. కాటమయ్యకు నలభై వీశెలు, అరవయ్యొక్క చుక్కలు. తమ్ముడూ నలభై వీశెలే! కింద బొగ్గుతో గీసింది కూడా చదివాడు. దాని ప్రకారం అరవై. ఏది నిజం? ఉలితో చెక్కిన మాటను కాదని బొగ్గుగీతను నమ్మేదెవరు? అదీగాక తక్కువైతే ప్రమాదం గానీ ప్రాణం పోసే మందు ఒక చుక్క ఎక్కువైతే నష్టమేమిటని ఏ అన్నకైనా అనిపిస్తుంది. ఆ మాట అతను పైకే అనుకున్నాడు. తరంగకేతు విన్నాడు. వినడం తప్ప ఏం చేయగలడు?

చుక్కలు పడ్డాయి. ఒకటి, రెండు, మూడు. నెత్తిమీద ఒక్కొక్కటీ నిప్పురవ్వలా తగులుతుంటే తరంగకేతు లోపల లోపలే లెక్కపెట్టుకున్నాడు. బతుకు దగ్గరకు వస్తోంది, చావూ దానివెనకే వస్తోంది. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. అరవై. అన్న చెయ్యి ఆగలేదు. కొమ్ము చివర ఇంకో చుక్క ఉబ్బుతోంది.

ఒక కాలిన చెయ్యి వచ్చి ప్రవాళుడి మణికట్టు పట్టుకుంది.

"చాలు బాబూ," అంది సింగసాని, నిలబడే ఓపిక లేక అతని చేతికే వేలాడుతూ. "కొసరు వేసే నా మనిషిని ఇసుక చేసుకున్నాను."

ప్రవాళుడు ఆమెను విదిలించబోయాడు. మాంత్రికుడి మండపంలో దాసి మాటను ఎవరు నమ్ముతారు? కత్తి ఉంటే దూసేవాడే. కానీ ఎందుకో తమ్ముడి మొహం వైపు చూశాడు. రాతి కంటి కొలకు నుంచి ఒక నీటిబొట్టు కారి చెంపమీద ఆగింది. అతను ముసలమ్మ కాలిన చేతిని చూశాడు, మళ్లీ ఆ బొట్టును చూశాడు. చెంబును నెమ్మదిగా నిలబెట్టాడు. చుక్క కొమ్ములోకి వెనక్కి జారింది.

తరంగకేతు నుదురు వెచ్చబడింది. రెప్ప ఒకసారి ఆడింది. అది చూసి ప్రవాళుడు పిచ్చివాడిలా నవ్వుతూ ముసలమ్మ కాళ్లకు మొక్కాడు, తమ్ముడి మొహాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. అతనిదీ ముసలమ్మదీ, ఇద్దరి వీపులూ పెరటివాకిలి వైపే ఉన్నాయి.

పొద్దు గుంకింది. మండపంలో దీపాలన్నీ వాటంతటవే వెలిగాయి. ఆ వెలుగులో పెరటివాకిట నిలబడ్డ పాషాణనాథుడిని చూసింది తరంగకేతు ఒక్కడే. మాంత్రికుడు అరచేతిలో బూడిద పోసుకుని, ప్రవాళుడి వీపుకు గురిచూసి, ఊదడానికి ఊపిరి తీస్తున్నాడు.

తరంగకేతుకు కళ్లు కదిలాయి. నాలుక ఇంకా రాయిగానే ఉంది.